మన చల్కల్లో బ్లూబెర్రీ ఎవరి లాభానికి?

తొలకరి దగ్గర పడితే విత్తనాల కొట్ల ముందు రైతుల క్యూ ఎంత మామూలో, మొక్కలమ్మే వాళ్ల ఫోన్లు కూడా ఇప్పుడు అంత మామూలైపోయాయి. నిన్నటిదాకా శ్రీగంధం అన్నారు, మహాగని అన్నారు, డ్రాగన్ అన్నారు. ఈ మధ్య వినిపిస్తున్న పేరు బ్లూబెర్రీ. మాట తీరు మాత్రం పాతదే. "మీకున్నది రెండెకరాలు. వరి వేస్తే ఏం మిగులుతోంది? ఎలాగూ సేంద్రియం చేస్తున్నారు, బ్లూబెర్రీ పెట్టండి. సూపర్ మార్కెట్లో చిన్న డబ్బా ఎంతకు అమ్ముతున్నారో చూశారా? ఒకసారి నాటితే ముప్పయ్యేళ్లు కాపు."

ఇందులో ఒక్కటీ అబద్ధం కాదు. డబ్బా ధర ఎక్కువే. సరైన నేలలో ఆ పొద ముప్పయ్యేళ్లు బతికే మాటా నిజమే. మోసం చెప్పిన మాటల్లో లేదు, చెప్పకుండా దాటేసిన మాటల్లో ఉంది. ఆ మొక్కకు ఎలాంటి నేల కావాలి, ఎలాంటి నీళ్లు కావాలి, ఎంత చలి కావాలి, కోసిన పండు ఎన్ని గంటల్లో చల్లటి గదికి చేరాలి అన్నవి అమ్మేవాడు చెప్పడు. అడగాలని కొనేవాడికి తెలియదు. అవన్నీ ఇక్కడ చెప్పుకుందాం. సంఘం సభ్యులు ఎవరైనా అడ్వాన్సు కట్టేముందు ఇది చదివి, ఆ ఫోన్ చేసిన వాడినే ఈ ప్రశ్నలు అడగాలని మా కోరిక.

మొదటిది నేల. బ్లూబెర్రీకి నేల పీహెచ్ 4.5 నుంచి 5.5 మధ్య ఉండాలి. భూసార పరీక్ష కార్డు ఉన్నవాళ్లు ఒకసారి తీసి చూసుకోండి. మన ఎర్ర చల్కల్లో చాలావాటికి 6.5 నుంచి 7.5 దాకా ఉంటుంది. నల్లరేగళ్లలో 8 దాటిన చోట్లూ తక్కువేమీ కాదు. ఏడున్నరకూ నాలుగున్నరకూ తేడా మూడే కదా అనుకోవద్దు. పీహెచ్‌లో ఒక్క అంకె తగ్గితే నేల పులుపు పది రెట్లు పెరిగినట్టు. మూడు అంకెలు తగ్గాలంటే వెయ్యి రెట్లు పెరగాలి. మన నేలకూ ఆ మొక్క అడిగే నేలకూ ఉన్న దూరం అంత.

"గంధకం వేస్తే సరిపోతుంది" అంటారు. వేస్తే ఎంత వేయాలో కూడా లెక్క కట్టమనండి. ఎకరంలో పైన ఉన్న అర అడుగు మట్టి సుమారు 880 టన్నులు తూగుతుంది. అందులో సున్నం ఒక్క శాతం ఉన్నా దాదాపు 8.8 టన్నుల సున్నం ఉన్నట్టు. దాన్ని కరిగించి విరగ్గొట్టడానికే 2.8 టన్నుల గంధకం కావాలి. అప్పటిదాకా పీహెచ్ కదలదు. సున్నపు గులకలు కనిపించే నేలల్లో ఒక్క శాతమంటే తక్కువ లెక్కే. పైగా గంధకం చల్లిన రోజే పని చేయదు. నేలలోని సూక్ష్మజీవులు దాన్ని ఆమ్లంగా మార్చాలి. దానికి నెలలు పడుతుంది, తేమ ఉండాలి. మీ నేలలో సున్నం ఉందో లేదో తెలుసుకోవడానికి ల్యాబుకు కూడా పోనక్కర్లేదు. బచ్చలగది కడిగే యాసిడ్ రెండు చుక్కలు జాగ్రత్తగా ఎండిన మట్టిబెడ్డ మీద వేయండి. బుసబుస పొంగితే ఆ నేలలో బ్లూబెర్రీ మాట అక్కడితో వదిలేయవచ్చు.

వదలకుండా నాటితే ఏం జరుగుతుందో కూడా తెలుసుకోవాలి. మొక్క వెంటనే చావదు. చస్తే నయం, మర్నాడే నర్సరీ వాడిని నిలదీయవచ్చు. అది నాలుగు నెలలు పచ్చగానే ఉంటుంది. తర్వాత లేత ఆకుల్లో ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం పసుపు తిరుగుతుంది. నేలలో ఇనుము ఉన్నా ఆ పీహెచ్ దగ్గర వేరు దాన్ని తీసుకోలేదు. అప్పుడు అదే మనిషి వచ్చి ఇనుము ధాతువు పిచికారీ చేయమంటాడు. దానికో బిల్లు. తర్వాత వేరు మందు అంటాడు, దానికో బిల్లు. రెండేళ్లకు మొక్క మోకాలెత్తు దాటకుండా ఎండిపోతుంది. "మీరు సరిగా చూసుకోలేదు" అనేది ఆఖరి బిల్లు.

సేంద్రియ రైతుకు ఇంకో చిక్కుంది, దీని గురించి ఎవరూ నోరు విప్పరు. మనకు పశువుల ఎరువు బలం. గుంత తీస్తే రెండు గంపల ఎరువు వేయకుండా మొక్క పెట్టిన చెయ్యి మనది కాదు. బ్లూబెర్రీకి ఆ చెయ్యే శత్రువు. మాగిన పశువుల ఎరువు, వర్మీ కంపోస్టు సాధారణంగా క్షార స్వభావం వైపు ఉంటాయి. వాటిలో లవణాలూ ఎక్కువే. ఈ మొక్క వేళ్లు దారాల్లా సన్నగా పైపైనే పాకుతాయి. మిగతా మొక్కల వేళ్లకు ఉండే నూగు వీటికి ఉండదు. అడవి నేలలో కలిసి బతికే ఒక శిలీంధ్రం సాయంతో ఆహారం తీసుకుంటాయి. నత్రజనిని కూడా నైట్రేటు రూపంలో కంటే అమ్మోనియం రూపంలోనే బాగా తీసుకుంటాయి. మనం ఇరవయ్యేళ్లు కష్టపడి బాగుచేసుకున్న సారవంతమైన నేల దానికి పనికిరాదు. దానికి కావలసింది నిస్సారమైన పుల్లటి ఇసుక నేల, రాలిన ఆకు మురిగిన అడవి నేల.

ఇది మేము కనిపెట్టిన సంగతి కాదు. వందేళ్ల కిందటే అమెరికాలో తేలింది. అక్కడి అడవుల్లో బ్లూబెర్రీ ఎప్పటినుంచో ఉంది, మూలవాసులు వేల ఏళ్లుగా తిన్నారు. తోటలో పెంచాలని చూసినవాళ్లు మాత్రం మంచి ఎరువు నేలలో నాటి చంపుకున్నారు. ఆ దేశపు వ్యవసాయ శాఖలో ఫ్రెడరిక్ కోవిల్ అనే వృక్ష శాస్త్రవేత్త ఏళ్ల తరబడి కుండీల్లో పరీక్షలు చేసి, ఈ మొక్కకు పుల్లటి నేలే కావాలని 1910లో ప్రచురించాడు. మంచి నేలను నమ్మి నష్టపోయిన రైతులకు జవాబు దొరికింది ప్రభుత్వ జీతం తీసుకున్న ఒక ఉద్యోగి పరీక్షల వల్ల. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాం.

నేల తర్వాత నీళ్లు. ఎంతో ఖర్చుపెట్టి ఒక బోదె మట్టిని పుల్లగా మార్చారనుకుందాం. దానికి పారించేది మన బోరు నీళ్లే. తెలంగాణలో, రాయలసీమలో, పల్నాడులో చాలా బోర్ల నీళ్లలో బైకార్బొనేట్లు ఎక్కువ. డ్రిప్పు పైపు చివర తెల్లగా పేరుకునే పొర, ఇంట్లో నీళ్లు కాచే గిన్నె అడుగున పట్టే సున్నం అదే. ప్రతి తడితోనూ మనమే ఆ బోదెకు కొంత సున్నం పోస్తున్నట్టు లెక్క. గంధకం ఆర్నెల్లలో చేసిన పనిని బోరు ఆర్నెల్లలో చెడగొడుతుంది. అందుకే పెద్ద కంపెనీల తోటల్లో డ్రిప్పు నీళ్లలో గంధకామ్లం కలుపుతారు. సేంద్రియ ముద్ర కావాలంటే ఆ గంధకామ్లం పనికిరాదు, సిట్రిక్ ఆమ్లం లాంటివి కొనుక్కోవాలి. ఎకరం తోటకు ఏడాది పొడవునా ఎంతవుతుందో ఆ ఫోన్ చేసినవాడినే లెక్క వేయమనండి.

ఇంతదాకా వచ్చేసరికి అమ్మేవాడు మాట మారుస్తాడు. "నేల సంగతి వదిలేయండి, గ్రో బ్యాగుల్లో పెడదాం. కొబ్బరి పొట్టు నింపి, షేడ్‌నెట్ కింద, డ్రిప్పుతో ఎరువులిద్దాం." సరే, మొక్క బతుకుతుంది. మహారాష్ట్ర కొండ ప్రాంతాల్లో పెట్టుబడి ఉన్నవాళ్లు అలా పెంచుతున్నారు. కానీ అది వ్యవసాయం పేరుతో నడిచే ఫ్యాక్టరీ. సంచి కొనాలి, పొట్టు కొనాలి, నెట్టు కొనాలి, ఆమ్లం కొనాలి, నీటిలో కరిగే ఎరువు కొనాలి, కరెంటు పోతే జనరేటరు కొనాలి. కొబ్బరి పొట్టులో నేలకుండే ఓపిక ఉండదు. ఒక మధ్యాహ్నం తడి తప్పితే వేరు మాడిపోతుంది. ఇన్ని కొన్న తర్వాత అందులో రైతు సొంతమేమిటి? అప్పు ఒక్కటే.

దాన్ని సేంద్రియం అని పిలవవచ్చా అన్నది అమెరికాలోనే తేలని తగువు. నేలలేని సాగుకు సేంద్రియ ముద్ర ఇవ్వకూడదని అక్కడి చిన్న సేంద్రియ రైతులు ఏళ్లపాటు పోరాడారు. 2017 నవంబరులో ఆ దేశపు జాతీయ సేంద్రియ ప్రమాణాల బోర్డులో ఓటింగు జరిగితే, నీటి సాగును నిషేధించాలన్న ప్రతిపాదన 8–7 తేడాతో వీగిపోయింది. ఒక్క ఓటు! బ్లూబెర్రీ పొదను నిజంగా నేలలో నాటి, రంపపు పొట్టు కప్పి, పక్షులకు వల కట్టి పెంచుకునే అక్కడి చిన్న రైతు ఇప్పుడు వేల సంచుల కంపెనీ తోటతో ఒకే ముద్ర కింద పోటీ పడుతున్నాడు. యూరప్ మాత్రం 2018 నాటి సేంద్రియ చట్టంలో మొక్క సజీవమైన నేలలోనే పెరగాలని రాసుకుంది. మనవాళ్లు సంచుల్లో పెంచి "సేంద్రియ బ్లూబెర్రీ ఎగుమతి" అంటే ఆ గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. మీకు ధ్రువీకరణ ఇచ్చే సంస్థను ముందే లిఖితపూర్వకంగా అడగండి. నోటిమాట వద్దు.

ఇక చలి. ఉత్తర అమెరికా రకాలకు చలికాలంలో 7 డిగ్రీల లోపు ఉండే గంటలు 800, అంతకు పైనా కావాలి. అప్పుడే మొగ్గ నిద్ర లేస్తుంది. దక్షిణ రకాలని చెప్పే వాటికి తక్కువ చాలు. కొన్ని రకాలను వెచ్చటి చోట్ల ఆకు రాల్చకుండానే కాయిస్తున్నారు. ఇక్కడే పెరూ పేరు వస్తుంది. "పెరూ ఎడారిలో కాస్తోంది, మన పాలమూరులో కాయదా?" అంటారు. వినడానికి బాగుంటుంది. పెరూ తీరం ఎడారే గాని కొలిమి కాదు. పక్కనే సముద్రంలో హంబోల్ట్ అనే చల్లటి ప్రవాహం పారుతుంటుంది. అందుకే అక్కడ ఎండాకాలం కూడా మన సంక్రాంతి పగళ్లను తలపిస్తుంది. మన రెంటచింతలలో, రామగుండంలో మే నెలలో 45 డిగ్రీలు. ఆ పెరూలోనే 2023లో ఎల్‌నినో వచ్చి సముద్రం వేడెక్కితే బ్లూబెర్రీ దిగుబడి దారుణంగా పడిపోయి ఎగుమతులు తగ్గాయి. కొద్ది డిగ్రీల వేడికే అక్కడ తోటలు తట్టుకోలేకపోయాయి.

పెరూ కథలో మనకు చెప్పని భాగం ఇంకొకటుంది. అక్కడ ఆ పంట పండించింది ప్రధానంగా వందల, వేల హెక్టార్ల కంపెనీలు. ఎడారికి నీళ్లు తెచ్చింది చావిమోచిక్, ఓల్మోస్ లాంటి భారీ ప్రాజెక్టులు. తొలి ఊపు ఇచ్చిన 'బిలాక్సీ' రకం అమెరికా వ్యవసాయ శాఖ మిసిసిపీలోని తన కేంద్రం నుంచి 1998లో విడుదల చేసిన, పేటెంటు లేని రకం. నీళ్లకు ప్రజల డబ్బు, రకానికి ప్రజల డబ్బు, లాభం మాత్రం కంపెనీది. ఆ కథ చూపించి రెండెకరాల రైతును సొంత డబ్బుతో దూకమంటున్నారు.

బజారు గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. బ్లూబెర్రీ కోసిన తర్వాత తియ్యబడదు, అందుకే పండినదాన్నే కోయాలి. గుత్తిలో పండ్లన్నీ ఒకేసారి పండవు. వారానికోసారి అదే పొద దగ్గరికి పోయి, పండిన గింజను వేళ్లతో దొర్లించి తీయాలి. 125 గ్రాముల డబ్బా నిండాలంటే డెబ్బయ్, ఎనభై పండ్లు కావాలి. కోసిన కొద్ది గంటల్లోనే సున్నా డిగ్రీల దగ్గరికి చల్లార్చకపోతే మెత్తబడిపోతుంది. టమాటాకే శీతల గిడ్డంగి దిక్కులేక రోడ్డు మీద పారబోసే మదనపల్లె రైతుకు ఈ చల్లటి బండి ఎవరు తెస్తారు?

ఇదంతా దాటుకుని పండించినా పోటీ ఎవరితో? 2023 సెప్టెంబరులో, జీ20 సమావేశాల సందడిలో, అమెరికాతో వాణిజ్య తగాదా తీర్చుకోవడానికి మన కేంద్ర ప్రభుత్వం బ్లూబెర్రీ, క్రాన్‌బెర్రీ, గడ్డకట్టించిన టర్కీ కోడి, బాతు మాంసాల మీద సుంకం తగ్గించడానికి ఒప్పుకుంది. తాజా బ్లూబెర్రీ మీద 30 శాతం ఉన్న సుంకం 10 శాతానికి దిగింది. 2022 నాటికి రైతు ఆదాయం రెట్టింపు చేస్తామని 2016లో ప్రకటించిన ప్రభుత్వమే ఇది. ఒక చేత్తో విలువైన పంటల వైపు మళ్లండని ఉపన్యాసం, ఇంకో చేత్తో ఆ విలువైన పంటకే గేట్లు తెరవడం. వరి వదలడం లేదని రైతును తిట్టేవాళ్లు ముందు దీనికి జవాబు చెప్పాలి.

"అన్నీ విదేశీవే కదా, మిరప మనదా, మొక్కజొన్న మనదా?" అని అడిగేవాళ్లున్నారు. మంచి ప్రశ్న. మిరప, వేరుశనగ, మొక్కజొన్న, జామ, బొప్పాయి, అన్నీ అమెరికా ఖండాల నుంచి వచ్చినవే. సీతాఫలం కూడా, పేరు సీతమ్మదైనా! విదేశీ మొక్క అని మేము గొడవ పెట్టుకోవడం లేదు. ఆ మొక్కలన్నీ మన నేల ఎలా ఉంటే అలా సర్దుకున్నాయి. విత్తనం రైతు గాదెలో దాచుకునేది అయింది. తినేవాళ్లు పక్క ఊళ్లోనే ఉన్నారు. సీతాఫలమైతే గుట్ట మీద రాళ్ల మధ్య, నీళ్లు పోసే దిక్కు లేకుండా కాసింది. బ్లూబెర్రీ వచ్చి మన నేలను మారమంటోంది, మన నీళ్లను మారమంటోంది, ఎరువును మారమంటోంది. కొత్త రకాలలో చాలావాటికి కంపెనీల హక్కులున్నాయి, కొమ్మ కత్తిరించి పక్క రైతుకు ఇచ్చే స్వేచ్ఛ కూడా ఉండదు. కౌలు రైతు సంగతి చెప్పనే అక్కర్లేదు. ఏడాది కౌలుకు మూడో ఏడు గాని సరిగా కాయని పొదను ఎవరు నాటుతారు?

ఇప్పుడు కోవిల్ దగ్గరికి మళ్లీ వెళదాం. ఆయన ప్రచురించినది న్యూజెర్సీలో ఎలిజబెత్ వైట్ అనే ఆమె చదివింది. ఆమె తండ్రిది క్రాన్‌బెర్రీ తోట. 1911లో ఆమె ఆయనకు ఉత్తరం రాసి, మా పొలంలో ప్రయోగం చేయండని పిలిచింది. చుట్టుపక్కల అడవిలో పండ్లు ఏరుకునే జనానికి చెప్పి, పెద్ద పండు కాసే పొద చూపిస్తే డబ్బులిచ్చింది. ఏ పొద ఎవరు చూపిస్తే దానికి వాళ్ల పేరు పెట్టింది. రూబ్ లీక్ అనే అతను చూపించిన పొదకు పెట్టిన 'రూబెల్' అన్న పేరుతో ఆ రకం ఈనాటికీ నాటుతున్నారు. 1916లో తొలి పంట బజారుకు పోయింది. ఈ రోజు ప్రపంచమంతా తింటున్న బ్లూబెర్రీ తోటల పుట్టుక ఇదీ. వాళ్లు ఎక్కడినుంచో మొక్క తెచ్చి తమ నేలను మార్చలేదు. ఎవరూ పట్టించుకోని తమ నేల చూసి, అక్కడే అడవిలో కాసేదేమిటో వెతికి, దాన్ని బాగుచేశారు.

మన అడవిలో ఏం లేదని? నేరేడు ఉంది. వాక్కాయ ఉంది, దానికి ముళ్లకంచె పని కూడా అవుతుంది. మొర్రిపండు ఉంది, లోపలి సారపప్పు మిఠాయి కొట్లలో ఎంత ధర పలుకుతుందో అందరికీ తెలుసు. తునికి, ఈత, రేగు, ఉసిరి, వెలగ. నల్లగా, వగరుగా, బ్లూబెర్రీకి తీసిపోని రంగుతో నేరేడు చెరువు గట్ల మీద రాలిపోతుంటే, దాని బంధువు కూడా కాని పండును విమానంలో తెచ్చి ఆరోగ్యమని అమ్ముతున్నారు. గుజరాత్‌లో గోధ్రా దగ్గరి కేంద్రీయ పరిశోధనా కేంద్రం నేరేడులో 'గోమా ప్రియాంక' అనే రకం తీసింది. పాలమూరు బాలానగర్ సీతాఫలం పేరే ఒక రకం పేరై దేశమంతా పోయింది. మరి వెంకటరామన్నగూడెం ఉద్యాన విశ్వవిద్యాలయం, ములుగులోని తెలంగాణ ఉద్యాన విశ్వవిద్యాలయం, సంగారెడ్డి పండ్ల పరిశోధన కేంద్రం ఒక పిలుపు ఇవ్వవచ్చు కదా! "మీ ఊళ్లో అన్నిటికంటే మంచి నేరేడు చెట్టు చూపించండి, మంచి వాక్కాయ పొద చూపించండి, డబ్బులిస్తాం, చూపించినవాళ్ల పేరే పెడతాం" అని. నల్లమల చెంచులకు, ఆదిలాబాద్ గోండులకు, పాడేరు గిరిజనులకు ఏ చెట్టు పండు తియ్యనో ఏ ప్రొఫెసరు కంటే బాగా తెలుసు.

బ్లూబెర్రీని అసలు ముట్టుకోవద్దని కాదు. తెలుగు నేల మీద దానికి కాస్త ఆశ ఉన్న చోటు చింతపల్లి, లంబసింగి వైపు కొండలే. పుల్లటి నేల, చలి, వానలు అక్కడున్నాయి. కాఫీ అక్కడ స్థిరపడింది, స్ట్రాబెర్రీ కొద్దిగా పండుతోంది. అయితే అక్కడా ముందు నాటవలసింది గిరిజన రైతు పొలంలో కాదు, చింతపల్లి పరిశోధన స్థానం సొంత భూమిలో. ఐదేళ్లు చూసి, ఏ రకం ఎన్ని కిలోలు కాసిందో, ఎంత ఖర్చయిందో లెక్క బయటపెట్టిన తర్వాతే రైతుకు చెప్పాలి. ప్రయోగం ప్రభుత్వం చేయాలి, నష్టం ప్రభుత్వం భరించాలి.

ఇంత చెప్పినా కొందరు కుర్రాళ్లు ఆగరు, ఆ ఉత్సాహాన్ని మేము తప్పుపట్టం. అలాంటివాళ్లకు ఒక మాట. మూడు వందల మొక్కలు కాదు, ఆరు మొక్కలు పెట్టండి. ముందు మట్టి, నీళ్లు రెండూ పరీక్ష చేయించండి, నీళ్లలో బైకార్బొనేటు ఎంతో ప్రత్యేకంగా అడగండి. దక్షిణ రకాలే తీసుకోండి, ఒకే రకం కాకుండా రెండు రకాలు కలిపి పెడితే పుప్పొడి మార్పిడి జరిగి పండు పెద్దదవుతుంది. రెండేళ్ల వయసున్న మొక్క కొనండి, సంచి పక్కకు వంచి వేళ్లు చూడండి. గుండ్రంగా చుట్టుకుపోయి ఉంటే వద్దనండి. గుంతలో కాదు, ఎత్తు బోదె మీద నాటండి, నీళ్లు నిలిస్తే ఆ వేరు బతకదు. పశువుల ఎరువు వేయకండి. పైన సరుగుడు ఆకు, రంపపు పొట్టు నాలుగు అంగుళాలు కప్పండి. వాన నీరు నిలవ చేసుకుని పోయగలిగితే బోరు నీటి కంటే ఎంతో మేలు. మొదటి ఏడు పూత వస్తే మురిసిపోకుండా గిల్లేయండి, వేరు నిలదొక్కుకోవాలి. మేలో షేడ్‌నెట్ తప్పదు. మూడు వేసవులు దాటి ఆ ఆరు మొక్కలు కాస్తే, అప్పుడు ఎకరం సంగతి మాట్లాడుకుందాం. ఎకరానికి నాలుగడుగులు, పదడుగుల ఎడంతో వెయ్యికి పైగా మొక్కలు పడతాయి. మొక్క 500 రూపాయలు అనుకున్నా ఐదు లక్షలు మొక్కలకే అయ్యాయి. ఆరు మొక్కలతో పోయేది మూడు వేలు.

ఈముల కథ మనకు జ్ఞాపకం ఉండే ఉంటుంది. గుడ్డు వేలకు వేలు పలుకుతుందని, నూనె ఎగుమతని, పిల్లలమ్మినవాడే పెద్దయ్యాక కొంటాడని చెప్పారు. 2012 నాటికి కొనేవాడు లేడు, మేపే స్తోమత లేదు, బ్యాంకు అప్పు మాత్రం మిగిలింది. అడవి ఆముదం డీజిల్ మాటా అంతే అయింది. ప్రతిసారీ లాభపడింది పిల్లలమ్మినవాడు, మొక్కలమ్మినవాడు. పంట అమ్మినవాడు ఎవరూ లేరు.

కాబట్టి చట్టం సంగతి. ఉమ్మడి రాష్ట్రంలో 2010లోనే ఉద్యాన నర్సరీల నియంత్రణ చట్టం చేశారు. నమోదు కాని నర్సరీ నుంచి, ఫోనులో తప్ప అడ్రసు లేని ఏజెంటు నుంచి మొక్కలు కొనవద్దు. మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం 2001లో 39వ సెక్షను ఉంది. ఆ చట్టం కింద నమోదైన రకాన్ని అమ్మినవాడు ఏ పరిస్థితుల్లో ఎంత కాస్తుందో రైతుకు చెప్పాలి, అలా కాయకపోతే రైతు పరిహారం అడగవచ్చు. మన ప్రాంతపు రైతులే పోరాడి తెచ్చుకున్న తీర్పు కూడా ఒకటుంది. 2012 జనవరిలో నేషనల్ సీడ్స్ కార్పొరేషన్, మధుసూదన్ రెడ్డి కేసులో సుప్రీంకోర్టు, విత్తనం కొన్న రైతు కూడా వినియోగదారుడేనని, నాసిరకం విత్తనానికి వినియోగదారుల ఫోరంలో పరిహారం అడగవచ్చని చెప్పింది. కాగితం చేతిలో ఉన్నప్పుడే ఇవన్నీ పనికొస్తాయి.

నర్సరీలన్నీ మొక్కతో పాటు ఆ రకానికి కావలసిన నేల పీహెచ్, నీటి నాణ్యత, ఉష్ణోగ్రత రాసిన చీటీ ఇవ్వాలని, తిరిగి కొంటామని రాసిచ్చినవాళ్లు బ్యాంకు హామీ కూడా కట్టాలని, విశ్వవిద్యాలయం పరీక్షించని పండ్ల మొక్కకు రాయితీ ఇవ్వకూడదని, అడవి పండ్ల చెట్ల సేకరణకు రెండు ఉద్యాన విశ్వవిద్యాలయాలూ నిధులు కేటాయించాలని మండల మహాసభల్లో తీర్మానాలు పెట్టండి. ప్రతి ఒక్కటి జిల్లా ఉద్యాన అధికారికి ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి.

ఇప్పటికే అడ్వాన్సు కట్టినవాళ్లు రసీదు, ఫోనులో వచ్చిన మెసేజీలు, వాళ్లు పంపిన వీడియో, అన్నీ భద్రం చేయండి. మొక్కలు దిగే రోజు బిల్లు మీద రకం పేరు, నర్సరీ నమోదు నంబరు, మొక్క వయసు, తేదీ రాయించండి. రాయనంటే బండిని తిప్పి పంపండి. మీ మండల కమిటీకి ఆ సాయంత్రమే చెప్పండి.